పంట భూముల విధానానికి మోడల్ కట్టడం ఎలా: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు ఒక సమగ్ర మార్గదర్శి

వంశధార కాలువ శివారు భూముల్లో వరి తర్వాత మొక్కజొన్నను ప్రోత్సహించాలా, మినుమునా? గజపతినగరం వైపు గరువుల్లో (వర్షాధార మెట్ట భూముల్లో) చోడికి (రాగికి) రాయితీ ఇస్తే రైతు వేరుశనగ మానతాడా? యూరియా వాడకం తగ్గించాలంటే ఎవరి ఆదాయంలో ఎంత కోత పడుతుంది? జిల్లా స్థాయి సమావేశాల్లో ఏటా ఈ ప్రశ్నలు వస్తాయి. ఒకరు రైతు ఆదాయం చూసి జవాబు చెబుతారు, ఒకరు భూగర్భ జలం చూసి, ఇంకొకరు ధాన్యం సేకరణ చూసి. లెక్క తేడాల వల్ల వచ్చే వాదం కంటే, ఎవరి మనసులో ఏ లక్ష్యం ఉందో బయటికి రాకపోవడం వల్ల వచ్చే వాదమే ఎక్కువ. మోడల్ (లెక్కల నమూనా) పనికొచ్చేది ఇక్కడే. ఏ లక్ష్యాన్ని ఎంత పట్టుకుంటే మిగతావాటిలో ఎంత వదులుకోవాలో అది అంకెల్లో చూపిస్తుంది.

ముందే ఒక సంగతి స్పష్టం చేసుకోవాలి. ఈ మోడల్ వచ్చే ఏడాది రైతులు ఏం వేస్తారో చెప్పదు. ఉన్న నేల, నీరు, కూలీలు, తెలిసిన సాగు పద్ధతులతో ఏమేం సాధ్యమో, ఆ సాధ్యానికి అంచులు ఎక్కడున్నాయో వెతుకుతుంది. నెదర్లాండ్స్ ప్రభుత్వ విధాన శాస్త్ర మండలి 1992లో యూరప్ వ్యవసాయ భూమి మీద ఇదే పద్ధతిలో నాలుగు దృశ్యాలు (సాధ్యమయ్యే భవిష్యత్ చిత్రాలు) గీసింది. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1996–2000 మధ్య సిస్‌నెట్ పేరుతో నాలుగు దేశాల్లో ఈ పనే చేసింది. మన దేశంలో దానికి హర్యానాను ఎంచుకున్నారు. పద్ధతికి మూలం లీనియర్ ప్రోగ్రామింగ్, అంటే ఇచ్చిన పరిమితుల లోపల ఒక లక్ష్యాన్ని గరిష్ఠమో కనిష్ఠమో చేసే లెక్క. ఇంటర్మీడియట్ గణితం వచ్చినవారికి కష్టం కాదు. కష్టమంతా అందులో పెట్టే అంకెల్లోనే ఉంది.

మొదటి అడుగు: ప్రశ్న, హద్దు, భూమి రకాలు

ప్రశ్నను ఒకే వాక్యంలో రాసుకోండి. "జిల్లా వ్యవసాయాభివృద్ధి" ప్రశ్న కాదు. "రబీ నీటిని పెంచకుండా, నత్రజని వాడకాన్ని పావు వంతు తగ్గిస్తూ, వరి ఉత్పత్తి పడిపోకుండా ఆయకట్టు రైతు ఆదాయం ఎంతవరకు నిలబెట్టగలం?" అనేది ప్రశ్న. ఈ నిర్ణయం ఎవరి చేతిలో ఉందో కూడా పక్కనే రాయండి. రాయితీ రాష్ట్ర ప్రభుత్వానిది, మద్దతు ధర కేంద్రానిది, కాలువ నీటి విడుదల జలవనరుల శాఖది. నిర్ణయించే అధికారం లేని మీట మీద మోడల్ కడితే ఆ నివేదిక బీరువాకే పోతుంది.

హద్దు పాలనా జిల్లాదా, నది పరీవాహకానిదా అన్నది ముందే తేలాలి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. రాజాం విజయనగరంలోకి వచ్చింది. పాలకొండ, పార్వతీపురం, సాలూరు పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి. తోటపల్లి బ్యారేజీ మన్యం జిల్లాలో ఉన్నా దాని కాలువలు ఇటు వస్తాయి. "శ్రీకాకుళం జిల్లా వరి విస్తీర్ణం" అని ఇరవై ఏళ్ల వరుస తీసి గీత గీస్తే 2022 దగ్గర పడే గుంట పంట తగ్గడం వల్ల వచ్చింది కాదు, మండలాలు తరలిపోవడం వల్ల వచ్చింది. అందుకే సమాచారమంతా మండలం స్థాయిలో సేకరించి, కావాల్సిన హద్దుకు తర్వాత కలుపుకోవాలి.

ఆపై భూమిని రకాలుగా విడదీయాలి. నేల, నీరు, వాలు మూడూ ఒకేలా ఉన్న ముక్కలన్నీ ఒక రకం. జాతీయ మృత్తికా సర్వే సంస్థ నేలల పటం, ఇస్రో వారి భువన్ భూ వినియోగ పటం, కాలువ ఆయకట్టు పటం ఈ మూడింటినీ క్యూజీఐఎస్‌ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో ఒకదాని మీద ఒకటి పరిస్తే ముక్కలు బయటపడతాయి. మన దగ్గర కనీసం ఇవి విడిగా ఉండాలి: కాలువ మొదటి భాగపు పల్లం, కాలువ శివారు పల్లం, చెరువు కింద పల్లం, బోరు ఉన్న మెట్ట, వర్షాధారపు గరువు, ఉద్దానం ఇసుక నేలల తోటలు, తీరం వెంట ముంపు పడే తంపర భూములు. మొదటి భాగాన్ని, శివారును ఒకటిగా కలపడం అందరూ చేసే తప్పు. కలిపితే మోడల్ గొట్టా బ్యారేజీ దగ్గరి నీటిని కాగితం మీద టెక్కలి శివారుకు ఖర్చు లేకుండా చేర్చేస్తుంది. ఫలితం అందంగా వస్తుంది, పొలంలో జరగదు. అలాగని యాభై రకాలు చేయకండి. ఒక్కో రకానికీ గుణకాలు (ఎకరాకు దిగుబడి, నీరు, ఖర్చు వంటి అంకెలు) సేకరించాలి కదా, ఎనిమిది నుంచి పన్నెండు చాలు.

రెండో అడుగు: లక్ష్యాలు

రైతులు, కౌలు రైతులు, అధికారులు, మిల్లర్లు విడివిడిగా కూర్చున్నప్పుడు అడిగి రాసుకోవాలి. అందరినీ ఒక గదిలో కూర్చోబెడితే గట్టిగా మాట్లాడేవారి లక్ష్యమే అందరిదీ అవుతుంది. తర్వాత ప్రతి లక్ష్యాన్ని కొలిచే అంకెగా మార్చాలి. "నేల ఆరోగ్యం" కొలవలేం. "ఎకరాకు ఏటా మిగులు నత్రజని కిలోలు" కొలవగలం. నికర ఆదాయం, ధాన్యం క్వింటాళ్లు, రబీ నీరు, నత్రజని, పురుగుమందు, స్థానికంగా దొరికే పనిదినాలు, కరువు ఏడాదిలో మిగిలే ఆదాయం: ఈ ఏడింటితో చాలా ప్రశ్నలు పట్టుబడతాయి.

మూడో అడుగు: పంట వరుసలు

మోడల్‌లో చలరాశి పంట కాదు, పంట వరుస. "వరి" అని ఒకటి, "మినుము" అని ఒకటి విడిగా పెడితే వరి కోయకముందే అదే మడిలో మినుము వేసినట్టు లెక్క రావచ్చు. అందుకే ఏడాదికి ఒక వరుస: వరి–బీడు, వరి–మినుము, వరి–మొక్కజొన్న, వేరుశనగ–ఉలవ, చోడి, చెరకు, గోగు, జీడి. ఒకే వరుసను భిన్నమైన పద్ధతిలో చేస్తే అది ఇంకో చలరాశి. ఉభాలు (నాట్లు) వేసిన వరికీ వెద వరికీ దిగుబడి దగ్గరగా ఉండవచ్చు, జూలై, ఆగస్టుల్లో కూలీల అవసరం మాత్రం పూర్తిగా వేరు. వలసలు ఎక్కువున్న పల్లెల్లో ఈ ఒక్క తేడా ఫలితాన్ని తిప్పేస్తుంది. గోగుకు నార ఊరవేసే నీరు, నార తీసే కూలీ రెండూ లెక్కలో లేకపోతే అది ఉత్తినే లాభంగా కనబడుతుంది.

ఇప్పుడు ఎవరూ చేయకపోయినా పరిశోధన స్థానాల్లో నిలబడిన పద్ధతులనూ చేర్చండి. రాగోలులో వరి, ఆమదాలవలసలో గోగు, విజయనగరంలో చిరుధాన్యాల మీద పనిచేసే స్థానాలు ఉన్నాయి. అక్కడి ఫలితాలు దగ్గరి నేలల్లోవే కాబట్టి దూరపు అంకెల కంటే వాటికే విలువ ఎక్కువ.

వరుస రాసేటప్పుడు తేదీలతో రాయండి. ఇది చాదస్తం అనిపించవచ్చు కానీ ఉత్తరాంధ్రలో తేదీయే సగం వ్యవసాయం. స్వర్ణ 150 రోజుల రకం. జూలై 10న నారు పోస్తే కోత డిసెంబరు 7 దాకా పోతుంది. అప్పటికి మడిలో తేమ ఆరిపోతుంది, మినుముకు అదను తప్పుతుంది. అదే రోజు 120 రోజుల కాటన్ దొర సన్నాలు పోస్తే నవంబరు 7కే కోత, మినుముకు మంచి తేమ. ఇంతవరకే చూస్తే స్వల్పకాలిక రకమే మేలు. కానీ కోతకు సుమారు నెల ముందు పూత వస్తుంది. అంటే స్వల్పకాలిక రకం అక్టోబరు రెండో వారంలో పూతలో ఉంటుంది. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న తీరం దాటాయి. తేదీ లేని మోడల్‌కు ఈ ముప్పు కనబడదు, అది కళ్లు మూసుకుని స్వల్పకాలిక రకాన్నే ఎంచుకుంటుంది.

నాలుగో అడుగు: గుణకాలు

పనిలో మూడు వంతులు ఇదే. ఒక్కో వరుసకు, ఒక్కో భూమి రకానికి, ఎకరాకు ఎంత దిగుబడి, ఎంత నీరు, ఎంత నత్రజని, ఏ పక్షంలో ఎన్ని పనిదినాలు, ఎంత ఖర్చు అన్న పట్టిక కావాలి.

దిగుబడి మూడు మెట్లలో ఉంటుంది. ఎండ, ఉష్ణోగ్రత మాత్రమే హద్దుగా వచ్చేది గరిష్ఠ దిగుబడి, వాన నీటితో మాత్రమే వచ్చేది నీటి పరిమిత దిగుబడి, రైతు కళ్లంలో తూగేది అసలు దిగుబడి. మొదటి రెండింటికి ఆక్వాక్రాప్, డీశాట్, ఒరైజా వంటి పంట మోడళ్లు వాడొచ్చు. 30 ఏళ్ల రోజువారీ వాతావరణం వాటికి పెట్టాలి. సగటు ఏడాది ఒక్కటి పెడితే కరువూ తుపానూ రెండూ మాయమవుతాయి. రైతు అందుకోగల హద్దును గరిష్ఠంలో 70–80 శాతం దగ్గర పెట్టుకోవడం వాడుక. దానికి మించి పెడితే అది ప్రదర్శన క్షేత్రం అంకె.

అసలు దిగుబడికి పంట కోత ప్రయోగాలు ఆధారం. వరికి 5 మీటర్ల చదరంలో కోసి తూస్తారు. కోసిన రోజు వడ్లలో తేమ 22 శాతం ఉంటే ఎకరాకు 30 క్వింటాళ్లు అనిపించినది 14 శాతం తేమ దగ్గర 27.2 క్వింటాళ్లే. 30ని 78తో గుణించి 86తో భాగిస్తే వస్తుంది. రైతు బస్తాల్లో చెబితే ఆ బస్తా 75 కిలోలదా, 80దా అని అప్పుడే అడగాలి. ఈ ఒక్క ప్రశ్న అడగకపోతే ఆరు శాతానికి పైగా తప్పు మొదట్లోనే వచ్చి కూర్చుంటుంది.

గుణకాల్లో చెడ్డ తప్పు ఇంకొకటి ఉంది: దిగుబడి రైతుది, ఎరువు సిఫారసుది తీసుకోవడం. లేదా దానికి తిరగేసి. రైతు 20 క్వింటాళ్లు తీసింది తను వేసిన ఎరువుతో. పుస్తకంలోని మోతాదుతో కాదు. ఒక వరుసలోని అంకెలన్నీ ఒకే మడి నుంచి, ఒకే ఏడాది నుంచి రావాలి. వేర్వేరు చోట్ల నుంచి ఏరి కుట్టిన వరుస ఏ పొలంలోనూ లేని పంట.

ఖర్చులో సొంత కూలీని వేస్తున్నారో లేదో తేల్చి అన్ని వరుసలకూ ఒకే పద్ధతి పాటించండి. ధర విషయంలో 2025–26 మద్దతు ధర సాధారణ వరికి క్వింటాకు 2,369, మొక్కజొన్నకు 2,400, మినుముకు 7,800 రూపాయలు. కానీ మద్దతు ధర ప్రకటించిన ప్రతి పంటనూ ఆ ధరకు కొనేవాళ్లు ఊళ్లో ఉండరు. మోడల్‌ను మద్దతు ధరతో ఒకసారి, కోత రోజుల్లో కళ్లం దగ్గర పలికిన ధరతో ఒకసారి నడపాలి.

కొలతలు కలిసిపోకుండా ఒక పేజీ మీద మార్పిడి రాసి గోడకు అంటించుకోండి: హెక్టారు 2.47 ఎకరాలు. ఎకరా-అంగుళం సుమారు 103 ఘనపు మీటర్లు. ఒక టీఎంసీ సుమారు 2.75 లక్షల ఎకరా-అంగుళాలు. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 20.7 కిలోలు.

ఐదో అడుగు: పరిమితులు

భూమి రకానికి ఒక షరతు, నీటికి నెలకో పక్షానికో ఒక షరతు, కూలీలకు పక్షానికి ఒక షరతు. ఏడాది మొత్తానికి కలిపి "కూలీలు సరిపోతారు" అంటే అర్థం లేదు. మే నెలలో ఖాళీగా ఉన్న చేతులు ఉభాల వేళకు దాచిపెట్టుకోలేం.

తాగునీరు మొదట తీసేయాలి. ఉద్దానానికి హిరమండలం జలాశయం నుంచి వెళ్లే వాటా సాగు లెక్కలోకి రాకూడదు. ఉద్దానం బోర్లకు వాన నుంచి ఇంకే నీటికి మించి తోడకూడదన్న షరతు పెట్టండి. అది పెట్టకపోతే మోడల్ భూగర్భాన్ని తీరని బావి అనుకుంటుంది. వంశధారలో నేరడి బ్యారేజీ కట్టిన పరిస్థితి, కట్టని పరిస్థితి రెండు వేర్వేరు దృశ్యాలు. ఆశించిన నీటిని ఉన్న నీటితో కలపొద్దు.

ఆరో అడుగు: కట్టి నడపడం

పెద్ద మోడల్‌కు దిగేముందు చేతితో సరిచూసుకోగల చిన్నది కట్టండి. కింది అంకెలు లెక్క అర్థం కావడానికి వేసుకున్నవే, ఏ మండలానివీ కావు. పల్లం 1,000 ఎకరాలు, గరువు 500 ఎకరాలు. రబీ నీరు 6,400 ఎకరా-అంగుళాలు. తేమ నిలిచే మళ్లు 500 ఎకరాలే కాబట్టి వరి–మినుము అంతకు మించదు.

| వరుస | ఎకరా లాభం (రూ.) | రబీ నీరు (అంగుళాలు) | నత్రజని (కిలోలు) |
|---|---|---|---|
| వరి–బీడు | 12,000 | 0 | 32 |
| వరి–మినుము | 20,000 | 0 | 32 |
| వరి–మొక్కజొన్న | 32,000 | 16 | 112 |
| వేరుశనగ | 15,000 | 0 | 12 |
| చోడి | 9,000 | 0 | 24 |

ఎక్సెల్‌లో ఒక్కో వరుసకు ఒక నిలువు గడి ఇచ్చి, పైన ఎకరాల గడులు ఖాళీగా ఉంచండి. లాభం, నీరు, నత్రజని మొత్తాలు సమ్‌ప్రొడక్ట్ ఫార్ములాతో రావాలి. జవాబు వెతికిపెట్టే సాల్వర్‌లో పద్ధతి "సింప్లెక్స్ ఎల్‌పీ" ఎంచుకోండి. మొదట కనబడే మరో పద్ధతిని అలాగే వదిలేస్తే సెన్సిటివిటీ రిపోర్ట్ మనకు కావలసిన రూపంలో రాదు. చలరాశులు సున్నా కంటే తగ్గవన్న టిక్కు పెట్టడం మరవొద్దు. ఎక్సెల్‌తో వచ్చే సాల్వర్ 200 చలరాశుల వరకే మోస్తుంది. పది భూమి రకాలు, ముప్పై వరుసలు అయితే పైథాన్‌లో పల్ప్ లైబ్రరీకి మారాలి. పైథాన్, పల్ప్ రెండూ ఉచితం.

లాభం గరిష్ఠం చేయమంటే జవాబు: వరి–మొక్కజొన్న 400 ఎకరాలు, వరి–మినుము 500, వరి–బీడు 100, వేరుశనగ 500. లాభం 3.15 కోట్లు, నత్రజని 70 టన్నులు. అంతా యూరియాగా వేస్తే సుమారు 3,380 బస్తాలు.

ఇప్పుడు రిపోర్ట్‌లో షాడో ప్రైస్ చూడండి. ఒక పరిమితిని ఒక్క యూనిట్ సడలిస్తే లక్ష్యం ఎంత పెరుగుతుందో అది. ఇక్కడ రబీ నీరు ఒక్కో ఎకరా-అంగుళానికి 1,250 రూపాయలు. వరి–బీడును వరి–మొక్కజొన్నగా మారిస్తే 20,000 ఎక్కువ, దానికి 16 అంగుళాలు కావాలి, అందుకే. నీటి మీద డబ్బు పెట్టడం సబబే అనిపిస్తుంది.

నత్రజని 50 టన్నులు మించకూడదని ఒక షరతు చేర్చి మళ్లీ నడపండి. మొక్కజొన్న 150 ఎకరాలకు పడుతుంది, వరి–బీడు 350కి పెరుగుతుంది, లాభం 2.65 కోట్లు. కిలో నత్రజని తగ్గించడానికి 250 రూపాయలు వదులుకున్నాం. ఇక నీటి షాడో ప్రైస్ చూస్తే సున్నా. 6,400లో 2,400 అంగుళాలే వాడుకలో ఉన్నాయి. ముందు లెక్కలో అంగుళానికి 1,250 విలువ చేసిన బోరు ఈ లెక్కలో పైసా విలువ చేయదు! అదే సమయంలో మినుముకు పనికొచ్చే ప్రతి అదనపు ఎకరా 8,000 తెస్తుంది. స్వల్పకాలిక రకం, సకాలంలో కోత ద్వారా ఆ హద్దును 500 నుంచి 650కి తెస్తే లాభం 2.77 కోట్లకు ఎక్కుతుంది, ఒక్క కిలో నత్రజని పెరగకుండా. నత్రజని తగ్గించాలన్న లక్ష్యం, బోర్లకు రాయితీ ఇవ్వాలన్న పథకం ఒకే జిల్లాలో ఒకే ఏడాది నడుస్తుంటే ఒకటి రెండోదాన్ని వృథా చేస్తోందని ఈ రెండు అంకెలు చెబుతున్నాయి.

ఆ 650 ఎకరాలు తేలిగ్గా వచ్చేవి కావని కూడా గుర్తుంచుకోవాలి. మినుమును వరి కోతకు రెండు మూడు రోజుల ముందు నిలిచిన పైరులోనే చల్లుతారు. కోత యంత్రం దిగితే చల్లిన విత్తనం చక్రాల కింద నలుగుతుంది. చేత్తో కోయాలంటే కూలీలు కావాలి. ఈ చిక్కును మోడల్‌లో విడి చలరాశిగా పెట్టాలి: యంత్రం కోత తర్వాత చల్లిన మినుము, తక్కువ దిగుబడితో. దాన్ని వదిలేసి మినుము విస్తీర్ణం పెంచమని సిఫారసు చేస్తే పొలంలో ఇరుక్కునేది రైతే.

ఏడో అడుగు: లక్ష్యాల మధ్య బేరం

ప్రతి లక్ష్యాన్నీ విడిగా గరిష్ఠమో కనిష్ఠమో చేసి, ఆ ఒక్కో పరిష్కారంలో మిగతా లక్ష్యాలు ఎక్కడున్నాయో పట్టిక వేయండి. ఇది అంచుల పట్టిక. తర్వాత ఒక లక్ష్యాన్ని షరతుగా మార్చి మెట్టు మెట్టుగా బిగిస్తూ రావాలి. పై ఉదాహరణలో నత్రజని 70 టన్నుల నుంచి 38 టన్నుల దాకా కిలోకు 250 రూపాయల చొప్పున నష్టం. 38 దగ్గర మొక్కజొన్న అయిపోతుంది, లాభం 2.35 కోట్లు. ఆ కిందకు పోవాలంటే వరి మడినే బీడు పెట్టాలి, అప్పుడు కిలోకు 375. నత్రజని, లాభాల అంకెలతో గీత గీస్తే అది వంగే చోటే సమావేశంలో చూపించాల్సిన చోటు. లక్ష్యాలకు ముందే 0.4, 0.3 అని భారాలు వేసి ఒకే అంకెగా కలిపేయకండి. ఆ భారాలు ఎవరు వేశారన్న ప్రశ్నకు జవాబు ఉండదు, వంపు కూడా కనబడదు.

దగ్గరి పరిష్కారాలనూ వెతకాలి. లాభం 95 శాతం నిలిస్తే చాలు, నత్రజని కనిష్ఠం చేయమంటే 70 టన్నులు 63.7కు దిగుతుంది. అయిదు శాతం ఆదాయానికి తొమ్మిది శాతం నత్రజని. పెద్ద మోడల్‌లో ఇలా వెతికితే లాభం దాదాపు అంతే ఉండి పంటల పొందిక పూర్తిగా మారిపోయే పరిష్కారాలు డజన్ల కొద్దీ దొరుకుతాయి. ఒక్క "ఉత్తమ" పటాన్ని రంగులు వేసి గోడకు తగిలించడం అందుకే ప్రమాదం.

ఎనిమిదో అడుగు: చెడ్డ ఏడాది, చెట్ల పంటలు

మామూలు ఏడాది లెక్కలో చోడి ఒక్క ఎకరా కూడా రాలేదు. రావాలంటే ఎకరాకు 6,000 రూపాయల అదనపు ఊతం కావాలి. ఇక కరువు ఏడాదిలో వేరుశనగ ఎకరాకు 3,000 నష్టం, చోడి 5,000 లాభం అనుకుందాం. కరువులోనూ గరువు మీద మొత్తం 5 లక్షలైనా మిగలాలన్న షరతు పెడితే 250 ఎకరాల్లో చోడి వస్తుంది. మంచి ఏడాదిలో దానికి అయ్యే ఖర్చు 15 లక్షలు. ఈ 15 లక్షలు కరువుకు కట్టే బీమా ప్రీమియం లాంటిది. రాయితీ ఇవ్వాలా, పంట బీమా పెంచాలా, ఏది చౌక అన్న చర్చ ఇక్కడి నుంచి మొదలు కావాలి. కరువుతో పాటు తుపాను ఏడాదిని, రెండూ లేని ఏడాదిని విడివిడి రకాలుగా పెట్టండి. మూడింటి సగటు తీస్తే ఏ ఏడాదీ మిగలదు.

జీడి, కొబ్బరి ఒక్క ఏడాది లెక్కలో ఇమడవు. తోట జీవితకాలం మొత్తం ఖర్చు, రాబడిని ఈనాటి విలువకు తెచ్చి ఏడాదికి సమానంగా పంచాలి. 25 ఏళ్ల జీడి తోటకు నికర ఈనాటి విలువ లక్ష రూపాయలైతే, 8 శాతం వడ్డీ మీద ఏటా 9,368 రూపాయలతో సమానం. పలాస చుట్టుపక్కల ఈ అంకెను వాడేటప్పుడు రెండు సవరణలు తప్పవు. మొదటి మూడేళ్ల చేతి ఖర్చు ఎవరు పెట్టుకుంటారన్నది విడి పరిమితిగా రావాలి. తోట కూలే అవకాశం కూడా లెక్కలోకి రావాలి. తిత్లీ ఒక్క రాత్రిలో ఉద్దానం తోటలను నేలకూల్చింది, కూలిన కొబ్బరి స్థానంలో నాటిన మొక్క కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. ఇవి చేర్చకుండా వచ్చే "తోటలే లాభం" అన్న ఫలితాన్ని ఉద్దానం రైతు ముందు పెట్టకూడదు.

చెడిపోయే చోట్లు

"పరిష్కారం లేదు" అని వస్తే రెండు షరతులు ఒకదానికొకటి అడ్డం పడ్డాయని అర్థం. ఒక్కో షరతు తీసేసి వెతకడం కంటే ప్రతి షరతుకూ పెద్ద జరిమానాతో ఒక లోటు చలరాశి చేర్చండి. ఎక్కడ లోటు కనబడిందో చిక్కు అక్కడే. "హద్దు లేదు" అని వస్తే భూమి షరతు ఏదో మరిచారు.

జిల్లా అంతా ఒకే పంటతో నిండితే చాలామంది చేసే పని "మొక్కజొన్న 20 శాతం మించరాదు" అని గట్టు వేయడం. అది రోగాన్ని దాచడమే. నిజంగా ఆపేది ఏదో వెతకాలి: పంట పెరిగే కొద్దీ పడే ధర, ఒకే పక్షంలో కావలసిన కూలీ, ఆరబెట్టే కళ్లాలు, కత్తెర పురుగు ఒత్తిడి. ధరను మెట్లుగా పెట్టండి. మొదటి ఇన్ని క్వింటాళ్లకు ఒక ధర, ఆపై తక్కువ ధర. గట్టు అవసరం చాలాసార్లు ఉండదు.

కోట్ల రూపాయలు, కిలోలు ఒకే పట్టికలో ఉంటే సాల్వర్ తప్పటడుగు వేస్తుంది. లాభాన్ని వేల రూపాయల్లో, నత్రజనిని టన్నుల్లో పెట్టండి.

ఫలితం నమ్మదగినదా అని చూడటానికి మంచి పరీక్ష ఒకటుంది. పంట ఎకరాలను ఈ-పంట నమోదులో ఉన్న ఈ ఏటి అంకెలకే కట్టేసి నడపండి. మోడల్ లెక్కించిన నీరు, యూరియా, ధాన్యం అసలు విడుదలకు, అమ్మకాలకు, సేకరణకు దగ్గరగా రావాలి. యూరియా సగమే వస్తే గుణకాలు పుస్తకం నుంచి వచ్చినవి, రైతు నుంచి కాదు. ఈ పరీక్ష నెగ్గకుండా దృశ్యాలకు పోవద్దు.

ఆఖరి అడుగు: జిల్లా లెక్క నుంచి రైతు లెక్కకు

జిల్లా మొత్తానికి మేలైనది ఒక్కో రైతుకు మేలు కాకపోవచ్చు. అందుకే పెద్ద మోడల్ చూపించిన పొందికను నాలుగైదు రకాల రైతు కుటుంబాల మీద విడిగా నడపాలి: కాలువ మొదటి భాగంలో సొంత భూమి ఉన్నవారు, శివారు చిన్న రైతు, రెండెకరాల కౌలు రైతు, గరువు మాత్రమే ఉన్నవారు, వలస వెళ్లిన ఇంటి భూమిని చూసుకునే ముసలి దంపతులు. కౌలు రైతు లెక్కలో శిస్తు ఖర్చుగా రావాలి, జీడి చలరాశి సున్నాకు కట్టేయాలి. ఏడాది ఒప్పందం మీద ఎవరూ చెట్టు నాటరు. మోడల్ చెప్పిన 650 ఎకరాల మినుములో సగం కౌలు చేతిలో ఉంటే, విత్తన రాయితీ పట్టాదారు పేరు మీద ఇచ్చే పథకం ఆ సగాన్ని తాకదు. ఏ రాయితీ, ఏ ధర, ఏ నీటి విడుదల తేదీ ఇస్తే ఆ కుటుంబం లెక్క జిల్లా లెక్కవైపు తిరుగుతుందో ఒక్కొక్కటిగా మార్చి చూడండి. అలా తిరిగిన మీటలే విధాన పత్రంలోకి వెళ్లాలి.

సమావేశానికి నాలుగు పేజీలు చాలు: అంచుల పట్టిక, వంపు గీత, షాడో ప్రైస్‌ల జాబితా, రైతు రకాల వారీగా ఎవరికి ఎంత వస్తుంది, ఎవరికి ఎంత పోతుంది. గుణకాల పట్టికను అనుబంధంగా ఇచ్చి, ప్రతి అంకె పక్కన అది ఏ మండలం నుంచి, ఏ ఏడాది, ఎవరిని అడిగి తెచ్చిందో రాయండి. గదిలో ఎవరైనా "మా ఊళ్లో మినుము అంత రాదు" అంటే అక్కడికక్కడే అంకె మార్చి మళ్లీ నడపగలిగేలా ల్యాప్‌టాప్ తెరిచి ఉంచండి. ఖరీఫ్ ఈ-పంట నమోదు ముగిశాక ఒకసారి, రబీ కోతల తర్వాత ఒకసారి ఆ పట్టికను సరిదిద్దే బాధ్యత ఎవరిదో ఆ రోజే పేరుతో రాసి లేవాలి.